ఒక్క ఓటమికే ఇంటిదారి పట్టించొద్దు

సంక్రాంతి దగ్గర పడుతోందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరూరా రెండు పనులు మొదలవుతాయి. ఒకటి ఇళ్లకు సున్నాలు వేయడం. రెండోది బడి మైదానంలోనో, కోత అయిపోయిన మడిలోనో కబడ్డీ కోర్టుకు గీతలు గీయడం. హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నాలకు పనులకు పోయిన కుర్రాళ్లు ఇంటికి చేరేది ఆ నాలుగు రోజులే. కనుక టోర్నమెంట్లన్నీ ఆ రోజుల్లోనే. మైకులు, తోరణాలు, షీల్డులు, దాతల పేర్లు, అన్నీ ఘనంగానే ఉంటాయి. ఘనంగా లేనిది ఒక్కటే. ఆటలు నడిపే పద్ధతి.

మన ఊళ్లలో దాదాపు అందరికీ తెలిసింది నాకౌట్ పద్ధతే. ఓడితే బయటికి. కుర్రాళ్లు ప్రవేశ రుసుం కట్టుకుంటారు. బనియన్లకు తలా కొంత వేసుకుంటారు. ఆటో మాట్లాడుకుని తెల్లవారుజామున బయలుదేరతారు. తొమ్మిదింటికి ఆట మొదలైతే పదింటికల్లా ఓటమి. "ఏటి బావూ, ఈ మాత్రానికా ఇంత దూరం వొచ్చినాం" అనుకుంటూ మధ్యాహ్నం భోజనాల వేళకు ఇల్లు చేరతారు. ఎనిమిది జట్లు వస్తే అందులో నాలుగింటి గతి ఇదే. పదహారు వస్తే ఎనిమిదింటి గతి ఇదే. పిలిచినవారిలో సగం మందిని ఒక్క ఆటతో సాగనంపేదాన్ని పండగ అనవచ్చునా?

దీనికి విరుగుడు ఉంది. కొత్తదీ కాదు, ఖర్చుతో కూడుకున్నదీ కాదు. ఒక జట్టు రెండుసార్లు ఓడితేనే బయటికి పంపాలి. ఒకసారి ఓడితే ఇంకో అవకాశం ఇవ్వాలి. ఆంగ్లంలో దీన్ని డబుల్ ఎలిమినేషన్ అంటారు. మనం రెండు ఓటముల పద్ధతి అనుకుందాం. ఈ సంక్రాంతి నుంచి మన రెండు జిల్లాల టోర్నమెంట్లలో ఇది రావాలన్నదే ఇక్కడి వాదన.

నాకౌట్‌లో లోపం ఎక్కడుంది?

నాకౌట్‌లో గెలిచిన జట్టు గురించి తగువు లేదు. అన్నీ గెలిచింది, షీల్డు దానిదే. తగువంతా రెండో బహుమతి దగ్గర. చీటీలు తీసినప్పుడు అందరికంటే బలమైన జట్టూ, దాని తర్వాతి జట్టూ మొదటి ఆటలోనే తలపడ్డాయనుకోండి. నిజానికి రెండో స్థానంలో ఉండాల్సిన జట్టు పొద్దునే ఇంటికి పోతుంది. అటు పక్క చీటీలు కలిసొచ్చిన మామూలు జట్టు ఫైనల్‌కు వచ్చి రెండో బహుమతి పట్టుకుపోతుంది.

ఇది ఎప్పుడో ఒకసారి జరిగే వింత కాదు. లెక్క వేసి చూడండి. ఎనిమిది జట్లు ఉంటే బలమైన జట్టు ఉన్న సగంలో ఇంకో మూడింటికి చోటుంటుంది. మిగిలిన ఏడు చోట్లలో ఆ మూడింటిలో ఒకటి రెండో బలమైన జట్టుకు పడితే, అది ఎంత బాగా ఆడినా ఫైనల్ చేరలేదు. అంటే ఏడింట మూడు పాళ్లు అన్యాయం చీటీల్లోనే ఉంది. ఆట మొదలు కాకముందే తీర్పు అయిపోయినట్టు.

ఈ సంగతి నూట నలభై ఏళ్ల కిందటే ఒకాయన చెప్పాడు. పిల్లల కోసం ఆలిస్ కథ రాసిన లూయీ కరోల్ పేరు విన్నవారుంటారు. ఆయన అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పేవాడు. 1883లో లాన్ టెన్నిస్ టోర్నమెంట్ల మీద ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు. 32 మంది ఆడే నాకౌట్‌లో రెండో మేటి ఆటగాడికి రెండో బహుమతి దక్కే అవకాశం ముప్పయ్యొకటింట పదహారు పాళ్లే అని లెక్క తేల్చాడు. అంటే సగానికి వెంట్రుకవాసి ఎక్కువ. ఒక్క ఓటమితో ఆటగాణ్ణి తీసేయకుండా నడిపే పద్ధతి ఒకటి తానే సూచించాడు కూడా.

ఇక రెండో లోపం. మంచి జట్టుకూ చెడ్డ గంట ఒకటి ఉంటుంది. రాత్రంతా రైల్లో నిలబడి వచ్చిన కుర్రాడి కాలు పట్టేయవచ్చు. రిఫరీ ఒక పాయింటు పొరపాటుగా ఇవ్వవచ్చు. నాలుగు ఆటలాడితే మూడు గెలిచే సత్తా ఉన్న జట్టును తీసుకోండి. నాకౌట్‌లో అది మొదటి ఆటకే ఇల్లు చేరే అవకాశం నాలుగింట ఒకటి. రెండు ఓటముల పద్ధతిలో వరుసగా రెండాటలూ ఓడి ఇల్లు చేరే అవకాశం పదహారింట ఒకటి. రిఫరీల మీద గొడవలు ఎందుకు ముదురుతాయో ఇందులోనే తెలుస్తుంది. ఒక్క పాయింటు మీద పండగంతా ఆధారపడితే చొక్కాలు పట్టుకోక ఏం చేస్తారు?

రెండు ఓటముల పద్ధతి ఎలా నడుస్తుంది?

పేరు విని ఇదేదో చిక్కు లెక్క అనుకోనక్కర్లేదు. ఒక అట్ట మీద జట్ల పేర్లన్నీ రాయండి. ఓడిన ప్రతిసారీ ఆ పేరు పక్కన ఒక గీత పెట్టండి. గీత లేని జట్టు గీత లేని జట్టుతోనే ఆడుతుంది. ఒక గీత ఉన్నది ఒక గీత ఉన్నదానితోనే ఆడుతుంది. రెండు గీతలు పడితే సెలవు. పద్ధతి మొత్తం ఇంతే. గీత లేనివారిది పై వరుస. ఒక గీత పడినవారిది కింది వరుస. ఓడిన జట్టు పై వరుస నుంచి కింది వరుసకు దిగుతుంది. కింది వరుసలో ఓడితే ఇంటికి.

ఉదాహరణకు శ్రీకాకుళం జిల్లా నుంచి ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, ఆమదాలవలస, విజయనగరం జిల్లా నుంచి రాజాం, చీపురుపల్లి, బొబ్బిలి, గజపతినగరం జట్లు వచ్చాయనుకుందాం. ఫలితాలన్నీ ఊహే. ఆయా ఊళ్లవారు కోపం తెచ్చుకోవద్దు.

మొదటి దఫాలో పలాస ఇచ్ఛాపురాన్ని, టెక్కలి ఆమదాలవలసను, రాజాం చీపురుపల్లిని, బొబ్బిలి గజపతినగరాన్ని ఓడించాయి. నాకౌట్ అయితే ఓడిన నాలుగూ ఆటో ఎక్కాల్సిందే. ఇక్కడ అవి కింది వరుసలోకి దిగాయి.

పై వరుసలో టెక్కలి పలాసను, బొబ్బిలి రాజాంను గెలిచాయి. కింది వరుసలో ఆమదాలవలస ఇచ్ఛాపురాన్ని, గజపతినగరం చీపురుపల్లిని గెలిచాయి. ఇచ్ఛాపురానికి, చీపురుపల్లికి రెండేసి గీతలు పడ్డాయి. అవి వెళ్లిపోతాయి. కానీ రెండేసి ఆటలాడి వెళ్తాయి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం రావాలంటే వంద కిలోమీటర్లు దాటిన దారి. ఆ దారికి ఆ మాత్రం గిట్టుబాటు ఉండొద్దా?

ఇప్పుడు పై వరుసలో ఓడిన పలాస, రాజాం కిందికి దిగాయి. ఇక్కడ నిర్వాహకులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. దిగిన జట్టును అటు సగం నుంచి వచ్చిన జట్టుతో పెట్టాలి. పలాసను గజపతినగరంతో, రాజాంను ఆమదాలవలసతో పెట్టాలన్నమాట. ఇలా అడ్డంగా మార్చి పెడితే ఒకసారి తలపడిన జట్లే వెంటనే మళ్లీ తలపడే అవస్థ తప్పుతుంది. ఈ ఆటల్లో పలాస, ఆమదాలవలస గెలిచాయనుకుందాం. ఆ తర్వాత వాటిలో ఆమదాలవలస గెలిచింది.

పై వరుస ఆఖరి ఆటలో బొబ్బిలి టెక్కలిని ఓడించింది. టెక్కలి కిందికి దిగి ఆమదాలవలసతో ఆడింది. మొదటి దఫాలో ఆమదాలవలసను ఓడించింది టెక్కలే. ఈసారి ఆమదాలవలస గెలిచింది. పొద్దున్న పోయిన పరువు మర్నాడు తిరిగొచ్చింది. జనానికి ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది?

ఇక ఫైనల్. బొబ్బిలికి గీత లేదు. ఆమదాలవలసకు ఒక గీత ఉంది. బొబ్బిలి గెలిస్తే అక్కడితో సరి. ఆమదాలవలస గెలిస్తే మాత్రం బొబ్బిలికి పడింది మొదటి గీతే. అందరికీ రెండో అవకాశం ఇచ్చి బొబ్బిలికి ఒక్కదానికే ఇవ్వకపోతే న్యాయం కాదు. కనుక ఇంకొక ఆట పెట్టాలి. అందులో గెలిచినవారిదే షీల్డు.

ఎన్ని ఆటలు అవసరమో వేళ్ల మీద లెక్కించవచ్చు. ప్రతి ఆటలో ఒక గీత పడుతుంది. ఎనిమిది జట్లలో ఏడింటికి రెండేసి గీతలు పడాలి. అంటే 14. గెలిచిన జట్టుకు కూడా మధ్యలో ఒక గీత పడి ఉంటే 15. పదహారు జట్లకు 30 లేదా 31. నాకౌట్‌లో ఎనిమిదింటికి 7, పదహారింటికి 15. అంటే దాదాపు రెట్టింపు. అందరితో అందరూ ఆడే లీగ్ పెడితే ఎనిమిది జట్లకే 28 ఆటలు కావాలి. నాకౌట్ మరీ తక్కువ, లీగ్ మరీ ఎక్కువ. రెండు ఓటముల పద్ధతి మధ్యే మార్గం.

పెద్ద పోటీల్లో లేదా?

"పెద్ద పోటీలన్నీ నాకౌట్‌లే కదా" అనేవారుంటారు. కాదు. ఓడినవాడికి మరో తలుపు తెరిచిన పోటీల వల్లే మన దేశానికి ఒలింపిక్ పతకాలు వచ్చాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సుశీల్ కుమార్ తన మొదటి కుస్తీలోనే ఉక్రెయిన్ మల్లుడి చేతిలో ఓడాడు. ఆ ఉక్రెయిన్ మల్లుడు ఫైనల్ చేరడంతో సుశీల్‌కు రెపిచేజ్ కింద మళ్లీ ఆడే అవకాశం వచ్చింది. వరుసగా మూడు కుస్తీలు గెలిచి కాంస్యం తెచ్చాడు. 2016 రియోలో సాక్షి మలిక్ క్వార్టర్ ఫైనల్లో ఓడి, అదే దారిలో వెళ్లి కాంస్యం గెలిచింది. ఆఖరి కుస్తీలో 0-5తో వెనకబడి, చివరికి 8-5తో గెలిచింది. నాకౌట్ ఒక్కటే ఉంటే ఈ రెండు పతకాలూ లేవు. రెపిచేజ్ అచ్చంగా రెండు ఓటముల పద్ధతి కాదు. ఫైనల్ చేరినవారి చేతిలో ఓడినవారికే ఆ అవకాశం, అదీ కాంస్యం వరకే. అయినా దాని వెనక ఉన్న ఆలోచన ఇదే.

అందరూ చూసే ఐపీఎల్ క్రికెట్‌లోనూ 2011 నుంచి ఈ ఆలోచన కొంత ఉంది. లీగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు తమలో తాము ఆడతాయి. ఓడిన జట్టుకు ఫైనల్ చేరేందుకు ఇంకో ఆట ఉంటుంది. కానీ అక్కడ ఒక లోటు మిగిలింది. 2017లో పుణే జట్టు ముంబయిని 20 పరుగులతో ఓడించి ఫైనల్ చేరింది. ఓడిన ముంబయి రెండో అవకాశంలో గెలిచి హైదరాబాదులో జరిగిన ఫైనల్‌కు వచ్చింది. ఆ ఫైనల్లో ఒక్క పరుగుతో గెలిచి కప్పు పట్టుకుపోయింది. ఆ ఆఖరి ఘట్టంలో ముంబయి ఒకసారి ఓడింది, పుణే ఒకసారి ఓడింది. ముంబయికి రెండో అవకాశం దొరికింది, పుణేకు దొరకలేదు. 2013లో చెన్నైకీ ముంబయి చేతిలో ఇదే జరిగింది. ఫైనల్లో అవసరమైతే ఇంకొక ఆట పెట్టాలనడం ఇందుకే. అది లేకపోతే పద్ధతి సగమే.

మన గడ్డ మీది ముచ్చట ఒకటి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. బరువులెత్తే పోటీలో ఎవరికైనా స్నాచ్‌లో మూడు, జెర్క్‌లో మూడు ప్రయత్నాలు ఉంటాయి. ఒక్క ప్రయత్నం తప్పినంత మాత్రాన ఎవరినీ ఇంటికి పొమ్మనరు. ఇనుముకే మూడుసార్లు అవకాశం ఇస్తే, మనిషితో మనిషి తలపడే కబడ్డీకి రెండుసార్లు ఇవ్వలేమా?

అభ్యంతరాలు

ఈ మాట అంటే నిర్వాహకులు చెప్పే అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి. వాటిని తోసిపుచ్చనక్కర్లేదు. జవాబు చెప్పుకోవాలి.

మొదటిది వేళ. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదంటారు. ఇరవయ్యేసి నిమిషాల రెండు సగాలు, మధ్య విరామం, జట్లు మారడం కలిపితే కబడ్డీ ఆటకు గంట పడుతుంది. పదిహేను ఆటలంటే పదిహేను గంటలు. ఒక్క కోర్టుతో ఒక్కరోజులో కాదు. రెండు రోజులు పెట్టుకోవాలి, లేదా పక్కన ఇంకో కోర్టు గీసుకోవాలి. ఇంకో కోర్టుకు కావలసింది చదునైన నేల, ముగ్గుపిండి, ఇద్దరు రిఫరీలు. కింది వరుస ఆటలను పదిహేనేసి నిమిషాల సగాలకు కుదించుకున్నా తప్పు లేదు. ముందే చెప్పి చేయాలి, అంతే.

రెండోది అలసట. పై ఉదాహరణలో బొబ్బిలి ఫైనల్‌కు మూడు ఆటలతో వచ్చింది. ఆమదాలవలస అయిదు ఆటలాడి వచ్చింది. ఇది నిజమే. ఓడి తిరిగి వచ్చేవాడికి దారి పొడవు. అయితే అది అన్యాయం కాదు, ఓడినందుకు కట్టే సుంకం. కాకపోతే ఒక జట్టును వెంటవెంటనే రెండు ఆటలకు దింపకుండా మధ్యలో ఒక ఆట విశ్రాంతి ఇవ్వాలి. ఫైనల్ మర్నాడు పెడితే మరీ మంచిది.

మూడోది, "నాలుగేసి జట్లను రెండు గ్రూపులు చేసి లీగ్ ఆడించి, సెమీ ఫైనల్స్ పెట్టొచ్చు కదా" అన్నది. పెట్టవచ్చు. ఎనిమిది జట్లకు అదీ పదిహేను ఆటలే అవుతుంది. ప్రతి జట్టుకూ మూడు ఆటలు ఖాయం. అది నాకౌట్ కంటే వెయ్యి రెట్లు నయం. కానీ గ్రూపుల్లో ఒక చిక్కుంది. ముందే అర్హత పొందిన జట్టుకు చివరి ఆట పట్టదు. కావాలని ఓడి అనుకూలమైన జట్టును ఎంచుకోవచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ఇదే జరిగింది. కావాలని ఓడిపోయేందుకు ఆడారని నాలుగు జంటలను పోటీ నుంచి బహిష్కరించారు. అదే పోటీలో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప రెండు ఆటలు గెలిచి కూడా స్వల్ప పాయింట్ల తేడాతో గ్రూపు దాటలేకపోయారు. ఒలింపిక్స్‌లోనే ఇలా ఉంటే బంధువులు, బావమరుదులు ఆడే ఊరి టోర్నమెంటులో ఎలా ఉంటుందో చెప్పాలా? రెండు ఓటముల పద్ధతిలో ఓటమి వల్ల లాభపడేవాడు లేడు. ప్రతి ఆటా ప్రాణం పెట్టి ఆడాల్సిందే. పాయింట్ల తేడాల లెక్కలు, వాటి మీద తగవులు అసలే ఉండవు.

నాలుగోది బైలు. జట్లు ఎనిమిదో పదహారో సరిగ్గా రావు. పదకొండు వస్తే పదహారు గళ్ల పట్టీ వేసి అయిదు బైలు ఇవ్వాలి. ఇవి సొంత ఊరి జట్టుకో, దాత గారి ఊరి జట్టుకో పడడం అందరూ ఎరిగిన సంగతే. ఈ జబ్బుకు ఏ పద్ధతీ మందు కాదు. జట్లన్నింటి ముందు, పదేళ్ల పిల్లవాడి చేత చీటీలు తీయించడమే మందు. పట్టీని కోర్టు పక్కనే అందరికీ కనబడేలా కట్టాలి. గీతలు అందరి ముందే పెట్టాలి.

ఆడపిల్లల జట్ల మాట

ఆడపిల్లల విభాగం పెట్టే ఊళ్లు ఇప్పుడు కొన్ని కనిపిస్తున్నాయి. అక్కడికి వచ్చేవి సాధారణంగా మూడో నాలుగో జట్లు. నాలుగు జట్ల నాకౌట్ అంటే మూడే ఆటలు. ఇంట్లో అమ్మానాన్నలను, వీధిలో పెద్దలను ఒప్పించి, బడి మేష్టారిని వెంటబెట్టుకుని వచ్చిన పిల్ల ఒక్క ఆటతో వెనుదిరిగితే మరుసటి ఏడు ఆ ఇంట్లో ఒప్పుకుంటారా? రెండు ఓటముల పద్ధతిలో నాలుగు జట్లకు ఆరు ఆటలు, లేదా ఏడు. అంతకు మించదు. ఒక్క పూటలో అయిపోతుంది. మగపిల్లలకు ఈ పద్ధతి పెట్టడానికి సందేహించే నిర్వాహకులు కనీసం ఆడపిల్లల విభాగంలో మొదలుపెట్టి చూడవచ్చు.

చేయవలసింది

బలవంతుడనగానే మన జిల్లాల్లో కోడి రామ్మూర్తి పేరు చెప్పుకుంటాం. శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. పేర్లు పెట్టుకోవడంలో మనం వెనకబడలేదు. పిల్లలకు ఆడే అవకాశాలు పెంచడంలో వెనకబడ్డాం. ఆట ఆడితేనే వస్తుంది. ఏడాదికి ఒక్కసారి, అదీ నలభై నిమిషాలు ఆడిన కుర్రాడు జిల్లా జట్టుకు ఎలా ఎదుగుతాడు? వాడి ఆట చూసే పెద్దలకు వాడు ఎప్పుడు కనబడతాడు?

కనుక టోర్నమెంట్లు పెట్టే యువజన సంఘాలు, గ్రామ పెద్దలు, దాతలు ఈసారి కరపత్రం అచ్చు వేయించేటప్పుడే ఒక్క వాక్యం చేర్చాలి. ప్రతి జట్టుకూ కనీసం రెండు ఆటలు ఉంటాయని, రెండుసార్లు ఓడిన జట్టే తప్పుకుంటుందని రాయాలి. ఆ కరపత్రం చూసి దూరపు ఊళ్ల జట్లు కూడా బయలుదేరతాయి. పదహారు జట్లు వస్తే, వేళ చాలదనుకుంటే, మొదటి దఫా నాకౌట్ ఆడించి మిగిలిన ఎనిమిదింటికైనా ఈ పద్ధతి పెట్టవచ్చు. అది సగం మేలు. అసలు లేనిదానికంటే నయం.

దాతలకు ఇంకొక మాట. షీల్డు ఎత్తు ఒక అడుగు తగ్గినా ఫరవాలేదు. ఆ డబ్బుతో రెండో రోజు భోజనాలు పెట్టించండి. ఓడిన జట్టు కూడా ఆ రాత్రికి ఊళ్లో ఉండి, మర్నాడు పొద్దున మళ్లీ కోర్టులోకి దిగాలి. పండక్కి పిలిచిన వాళ్లను పిలిచినట్టు చూసుకోవడం మన వైపు మర్యాద. ఆ మర్యాద ఆటలోనూ ఉండాలి.